పాత ఇంటి లెక్క: బెజవాడ, గుంటూరు వారసత్వ ఇళ్లు ఎందుకు నిలవడం లేదు

విజయవాడ మొగల్రాజపురం గుహలకు దగ్గర్లో ఇల్లున్నవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టుకోవాలన్నా, మీద ఇంకో అంతస్తు వేసుకోవాలన్నా కార్పొరేషన్ ప్లాను ఒక్కటే చాలదు. ఆ గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా ఏం కట్టాలన్నా ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. ఆ ఇల్లు నిన్నమొన్న కట్టిన మామూలు డాబా అయినా రూలు రూలే.

అదే ఊళ్లో వన్‌టౌన్ వైపు వెళ్తే లెక్క తిరగబడుతుంది. సామారంగం చౌక్ చుట్టుపక్కల సందుల్లో టేకు స్తంభాలు, వీధి అరుగులు, చెక్కిన ద్వారబంధం ఉన్న వందేళ్లనాటి ఇల్లుందనుకుందాం. యజమాని తలుచుకుంటే వారం రోజుల్లో దాన్ని నేలమట్టం చేయించొచ్చు. తర్వాత కట్టబోయే దానికి ప్లాను కావాలి. ఆ ప్లాను చూసే అధికారులు ప్రధానంగా పట్టించుకునేది దస్తావేజు, ముందున్న రోడ్డు వెడల్పు, ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు, ఎత్తు. పోయిన ఇంటి వయసెంత, అందులో ఎవరున్నారు అన్నది ఆ ఫైలుకు సంబంధించిన విషయం కాదు. గుహ పక్కనున్న డాబాకు ఉన్నంత చట్టం కూడా ఈ ఇంటికి లేదు.

దీనికి కారణం మన చట్టాలు పుట్టిన తీరులోనే ఉంది. కేంద్రానికి 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. రాష్ట్రానికి అదే దారిలో 1960లో వచ్చిన చట్టం ఉంది. ఉండవల్లి గుహలు, అక్కన్న మాదన్న గుహలు, కోటలు, శాసనాలు, స్తూపాల కోసం రాసిన చట్టాలివి. వాటి ఊహలో కట్టడం అంటే మనుషులు ఖాళీ చేసి వెళ్లిపోయిన చోటు. దానికి కంచె వేస్తారు, నీలం బోర్డు పెడతారు, కాపలా మనిషిని వేస్తారు. ప్రైవేటు ఆస్తి అయితే యజమానితో ఒప్పందం చేసుకోవడానికి, సంరక్షణ బాధ్యత తీసుకోవడానికి, చివరికి కొనేయడానికి కూడా వీలుంది. కానీ వంటింట్లో కుక్కరు కూత వేస్తున్న ఇంటికి ఈ చొక్కా సరిపోదు. గ్యాస్ గట్టు మార్చాలన్నా ఢిల్లీకో, రాష్ట్ర శాఖకో అర్జీ పెట్టుకోవాల్సిన పరిస్థితిని ఏ గృహస్థూ కోరుకోడు.

కాబట్టి ఈ దారిలో నిలిచినవి దాదాపుగా అందరి సొత్తయిన భవనాలే. బందరు రోడ్డు మీదున్న బాపు మ్యూజియం మంచి ఉదాహరణ. విక్టోరియా రాణి జూబిలీ గుర్తుగా 1887లో మొదలైన భవనం అది. 1921 బెజవాడ కాంగ్రెస్ సమావేశాల జ్ఞాపకం, పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా అందించిన కథ దానితో ముడిపడి ఉన్నాయి. 1960ల్లో అది మ్యూజియం అయింది, మరమ్మతుల తర్వాత 2020లో మళ్లీ తెరిచారు. ప్రభుత్వ భవనం కాబట్టి వాటాల గొడవ లేదు, అమ్మకం బేరం లేదు. 1911లో పుట్టిన రామమోహన గ్రంథాలయానిదీ అలాంటి కథే. 1914లో ఆంధ్ర గ్రంథాలయోద్యమపు తొలి మహాసభ జరిగిన చోటది, సంస్థ ఉంది కాబట్టి చోటు నిలిచింది.

ఇళ్లకు దక్కిన ఒకే ఒక్క గౌరవం స్మారక గృహం కావడం. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లు, మద్రాసులో పొట్టి శ్రీరాములు ప్రాణాలర్పించిన బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అలా మిగిలాయి. ఉన్నంతలో మంచి పనే. అయితే ఈ పద్ధతిలో ఇల్లు బతకాలంటే అందులో పుట్టినవాడో పోయినవాడో మహానుభావుడై ఉండాలి, ప్రభుత్వం దగ్గర కొనే డబ్బుండాలి. ఒక పొగాకు వ్యాపారి, ఒక ప్లీడరు, ఒక రైల్వే గార్డు కట్టుకున్న ఇళ్లే కదా ఊరంటే. వాటికి ఈ దారి మూసుకుపోయింది. పైగా ఇలా స్మారకాలైన ఇళ్లలో చాలావాటికి జయంతికి ఒకసారి, వర్ధంతికి ఒకసారి తలుపు తీసి దండ వేయడమే మిగిలింది.

మనుషులు కాపురముంటున్న ఇళ్లను కాపాడిన ఊళ్లు వేరే దారి పట్టాయి. అక్కడ గుర్తింపు ఇచ్చేది పురావస్తు శాఖ కాదు, నగర పాలన. న్యూయార్క్‌లో 1963లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ను కూల్చేయడం మొదలయ్యాక జనంలో వచ్చిన కోపం 1965లో ఒక నగర చట్టమైంది. ఒక కమిషన్ ఏర్పడింది. కనీసం 30 ఏళ్లు దాటిన కట్టడాన్ని అది పరిశీలిస్తుంది, బహిరంగ విచారణ పెడుతుంది, గుర్తింపు ఇస్తుంది. ఆ తర్వాత ఇంటి బయటి రూపం మార్చాలంటే కమిషన్ ఒప్పుకోవాలి. యజమానికి ఇష్టం లేకపోయినా గుర్తింపు ఇవ్వొచ్చు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద ఆకాశహర్మ్యం కట్టనివ్వలేదని దాని యాజమాన్యం కోర్టుకెక్కితే, 1978లో అమెరికా సుప్రీంకోర్టు నగరం వైపే తీర్పు చెప్పింది. ఆ తీర్పులో తరచూ మరచిపోయే ముక్క ఒకటుంది. స్టేషన్ మీద కట్టుకోలేని అంతస్తుల హక్కును పక్క స్థలాలకు బదిలీ చేసుకునే వీలు కంపెనీకి ఉందన్న సంగతిని కోర్టు లెక్కలోకి తీసుకుంది. అంటే ఒక చేత్తో ఆపి, ఇంకో చేత్తో ఎంతోకొంత ఇచ్చారు.

అదే దేశంలో 1966 నుంచి జాతీయ స్థాయి రిజిస్టర్ కూడా ఉంది. అందులో పేరెక్కితే ఇంటికి పెద్ద గౌరవం, కానీ ప్రైవేటు యజమాని సొంత డబ్బుతో తన ఇంటిని కూల్చుకుంటే ఆ రిజిస్టర్ ఆపలేదు. ఆపే బలం స్థానిక చట్టానికే ఉంది. మన దగ్గర ఇన్‌టాక్ (వారసత్వ పరిరక్షణకు పనిచేసే జాతీయ ట్రస్టు) లాంటి సంస్థలు చేసే జాబితాలను చూసి ‘ఇక ఫర్వాలేదు’ అనుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి. అవి విలువైన పత్రాలే, కాకపోతే పొక్లెయిన్ డ్రైవర్‌కు వాటితో పని లేదు.

మన దేశంలో ఈ పనికి తొలి నమూనా బొంబాయి. 1995లో అక్కడ అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లోనే వారసత్వ కట్టడాలను చేర్చారు, వాటిని గ్రేడులుగా విడగొట్టారు. మొదటి గ్రేడు కట్టడంలో బలపరచడానికి తప్ప చెయ్యి పెట్టకూడదు. రెండో గ్రేడులో ‘ఎ’, ‘బి’ అని రెండు మెట్లు, లోపల మార్పులకు, కొత్త వాడకానికి వీలుంటుంది. మూడో గ్రేడులో మార్పులకు ఇంకా ఎక్కువ సడలింపు. ఈ గ్రేడుల ఆలోచనే అసలు కీలకం. అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘ముట్టుకోవద్దు’ అంటే ఎవరూ వినరు. వీధి వైపు ముఖం, అరుగు, పైకప్పు వాలు నిలిపితే చాలు, వెనక బాత్రూములు ఎలాగైనా కట్టుకోండి అంటే వినేవాళ్లుంటారు.

తెలుగు నేల మీద ఈ ప్రయోగం హైదరాబాద్‌లో జరిగింది. హుడా (అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనలకు 1995లో 13వ నిబంధన చేర్చి, జాబితా ప్రకటించి, పరిరక్షణ కమిటీ వేశారు. ఇరవై ఏళ్లు నడిచింది. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ నిబంధనను తీసేసింది, 2017లో వేరే చట్టం తెచ్చింది. అయినా తగువు తీరలేదు. నిజాం కాలపు ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చి అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. ఎర్రమంజిల్ కోసం కోర్టుకెళ్లేవాళ్లు దొరికారు. జాబితాలోని చిన్న దేవిడీల (పాత జమీందారీ భవంతుల) కోసం అంత పట్టుబట్టి వెళ్లేవాళ్లు తక్కువ. వాటి యజమానులకు ఇరవై ఏళ్లలో అందింది ఆంక్ష మాత్రమే, చేతికి పైసా రాలేదన్న ఫిర్యాదు అక్కడ గట్టిగా వినిపించింది.

అసలు చిక్కంతా ఆ పైసా దగ్గరే. గుంటూరు బ్రాడీపేటలో ఏదో ఒక లైనులో 300 గజాల స్థలంలో పాత పెంకుటిల్లు ఉందనుకుందాం. తాత కట్టించాడు. ఇప్పుడు నలుగురు వారసులు. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డల్లాస్‌లో, మిగతా ఇద్దరు ఊళ్లోనే. ఇల్లు అలాగే ఉంచితే అద్దె పెద్దగా రాదు, ఏటా కప్పు మరమ్మతు తప్పదు. ‘డెవలప్‌మెంట్‌కి’ ఇస్తే బిల్డరు కింద పార్కింగ్ వదిలి నాలుగంతస్తులు వేస్తాడు. అంతస్తుకు రెండు చిన్న ఫ్లాట్లు, మొత్తం ఎనిమిది. సగం సగం వాటా అనుకుంటే వారసులకు నాలుగు, తలా ఒకటి. నాలుగు సంతకాలు, నాలుగు తాళాలు, గొడవ లేదు. ఉమ్మడి ఇంటిని కొలతలేసి పంచుకోవడం కంటే ఫ్లాట్లుగా పంచుకోవడం ఎంత సుఖమో పంపకాల పంచాయితీలో కూర్చున్నవాళ్లకు తెలుసు. వాళ్లకు తాత మీద ప్రేమ లేక కాదు. ఈ లెక్కకు ఎదురు నిలిచే ఇంకో లెక్కను ఊరు వాళ్ల ముందు ఎన్నడూ పెట్టలేదు.

చిత్రమేమిటంటే కోర్టు తగాదాలో చిక్కుకున్న ఇళ్లే ఎక్కువకాలం నిలబడతాయి. అన్నదమ్ములకు పడకపోవడం మన ఊళ్లలో అనుకోని వారసత్వ సంరక్షణ పథకమైంది. తీర్పు వచ్చిన రోజున దాని గడువు తీరిపోతుంది.

ఎదురు లెక్కకు పనికొచ్చే సాధనం మన నిబంధనల్లోనే ఉంది. బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కు, అందరూ పిలిచే పేరు టీడీఆర్ బాండు. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవాళ్లకు ఇచ్చేదిగా ఇది ఎక్కువమందికి పరిచయం. వారసత్వ భవనాన్ని కాపాడే యజమానికీ ఇవ్వొచ్చన్న మాట రాష్ట్ర భవన నిబంధనల్లో చోటు చేసుకుంది. పని చేసే తీరు కష్టమేమీ కాదు. బ్రాడీపేట ఇంటి మీద కట్టుకోలేని అంతస్తుల విస్తీర్ణానికి బాండు ఇస్తారు. ఊరి బయట అపార్ట్‌మెంట్ కట్టే బిల్డరు దాన్ని కొని అక్కడ అదనపు అంతస్తు వేసుకుంటాడు. నలుగురు వారసులకు డబ్బు వస్తుంది, ఇల్లు ఉంటుంది. ప్రపంచ వారసత్వ నగరంగా 2017లో యునెస్కో గుర్తింపు పొందిన అహ్మదాబాద్‌లో పోళ్లు అనే పాత ఇరుకు పేటల్లోని ఇళ్లకు ఈ బాండ్లు ఇస్తున్నారు.

అయితే బాండు విలువ దాన్ని కొనేవాడి మీద ఆధారపడుతుంది. బాండ్లు అవసరానికి మించి జారీ అయినా, స్థలం విలువ పెంచి చూపి ఇచ్చారన్న ఆరోపణలు వచ్చినా బజారులో రేటు పడిపోతుంది. తణుకు బాండ్ల వ్యవహారం తర్వాత రాష్ట్రంలో టీడీఆర్ అనగానే జనం ఒకసారి అనుమానంగా చూస్తున్నారు. ఇంకో లోపం, బాండు ఒక్కసారి అమ్ముడైపోతే ఆ డబ్బు ఇంటి కప్పుకే ఖర్చవుతుందన్న హామీ ఏదీ లేదు. దాన్ని మరమ్మతుకు ముడిపెట్టి, పని జరిగిన కొద్దీ విడతలుగా ఇస్తే తప్ప పథకం కాగితం మీదే ఉంటుంది. ఆస్తి పన్ను మినహాయింపు లాంటివి కూడా ఉండాలి గానీ, ఫ్లాటు ధర ముందు అవి చిల్లర డబ్బులే.

డబ్బు కుదిరినా పని చేసేవాళ్లు దొరకాలి. ఈ సంగతి చర్చల్లోకి రాదు గానీ ఇళ్లను ఎక్కువగా చంపుతున్నది ఇదే. కోస్తా పాత ఇళ్ల గోడలు సాధారణంగా ఇటుక, సున్నంతో కట్టినవి. గానుగలో ఇసుకతో కలిపి రుబ్బిన సున్నానికి కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు. అలాంటి గోడ నేలలోంచి చెమ్మను పీలుస్తుంది, ఎండాకాలంలో వదిలేస్తుంది. గోడ కింది భాగం కొద్దిగా రాలిపోగానే ఇంటాయన మేస్త్రీని పిలుస్తాడు. మేస్త్రీ సిమెంటుతో దట్టంగా ప్లాస్టరింగ్ చేసి, మీద రంగు వేసి వెళ్తాడు. రెండేళ్లు బాగానే ఉంటుంది. లోపలి చెమ్మకు బయటికి దారి లేక గోడలో పైకి ఎక్కుతుంది, తనతోపాటు ఉప్పును మోసుకెళ్తుంది. నడుము ఎత్తున తెల్లగా చవుడు పూస్తుంది, ఇటుక పిండిపిండిగా రాలుతుంది. గోడలోకి దూరిన దూలం కొన దగ్గర టేకు మెత్తబడుతుంది. అప్పుడు ఇంజినీరు వచ్చి చూసి ‘ఇది పనికిరాదు, తీసేయండి’ అంటాడు. నూరేళ్లు నిలిచిన గోడ మరమ్మతు చేసిన పదేళ్లకు పోతుంది.

మద్రాసు టెర్రస్ సంగతీ అంతే. టేకు దూలాల మధ్య పలచటి ఇటుకలను సున్నంతో నిలువుగా, ఏటవాలుగా పేర్చి, పైన ఇటుక జల్లీ, సున్నం కలిపి పోసి రోజుల తరబడి కొట్టి గట్టిపరిచే కప్పు అది. ఒకచోట కారితే ఆ ఒక్కచోటే విప్పి సరిచేసే పనివాళ్లు ఒకప్పుడు ప్రతి పేటలో ఉండేవారు. ఇప్పుడు కారగానే మీద సిమెంటు కాంక్రీటు పొర పోస్తున్నారు. ఆ బరువుకు దూలం వంగుతుంది. గుంటూరు వైపు నల్లరేగడి నేల ఉన్నచోట వానకు ఉబ్బి ఎండకు కుంగడంతో గోడలు బీటలు వేయడం దీనికి తోడు. ఇంటిని జాబితాలో చేర్చే నగరం సున్నం పని తెలిసిన నలుగురు మేస్త్రీల పేర్లు, ఒక సలహా ఇంజినీరు ఫోన్ నంబరు కూడా ఇవ్వలేకపోతే, ఆ యజమాని చేసేది మళ్లీ సిమెంటు ప్లాస్టరింగే. పుదుచ్చేరిలో పాత వీధుల పునరుద్ధరణ సాగిందంటే ఇన్‌టాక్ వాస్తుశిల్పులు యజమానుల పక్కన నిలబడి పని చేయించడం దానికి పెద్ద కారణం.

ఇక నోటీసు సంగతి. ఏటా వానాకాలం ముందు మున్సిపల్ సిబ్బంది శిథిల భవనాలకు నోటీసులిస్తారు. విజయవాడ, గుంటూరు లాంటి కార్పొరేషన్లకు వర్తించే 1955 నాటి చట్టంలో ప్రమాదకర కట్టడాలను తొలగించే అధికారం ఉంది. ప్రాణాల విషయం కాబట్టి అది ఉండాల్సిందే. కానీ పాత అద్దెదారును లేపాలనుకునే యజమానికీ, తొందరగా కూల్చాలనుకునే బిల్డరుకూ ఆ నోటీసు వరంలా పనిచేస్తుంది. బలపరిస్తే నిలిచే ఇల్లు, నిలవని ఇల్లు అని తేడా తెలిసిన ఇంజినీరు చూసి సంతకం పెట్టే పద్ధతి ఉంటే ఈ దుర్వినియోగం చాలావరకు తగ్గుతుంది.

జాబితా చేయబోతున్నామని ముందే ప్రకటించడంలో ఇంకో ప్రమాదముంది. లండన్ శివారు బ్రెంట్‌ఫర్డ్‌లో ఫైర్‌స్టోన్ ఫ్యాక్టరీకి 1980 ఆగస్టులో వారసత్వ రక్షణ ఇవ్వబోతున్నారని తెలిసి, యాజమాన్యం సెలవు రోజులు చూసుకుని కూల్చేసింది. బ్రిటన్‌లో అత్యవసరంగా ఆరు నెలలు రక్షణ కల్పించే నోటీసు పద్ధతి ఉంది, దాన్ని వాడే తీరిక కూడా లేకపోయింది. మన ఊళ్లో సర్వే మొదలైందన్న వార్త పేపర్లో వస్తే ఎన్ని పెంకుటిళ్లు ఆ నెలలోనే లేచిపోతాయో ఊహించడం కష్టం కాదు. అందుకే సర్వేలో నమోదైన ఇంటికి ఆ రోజు నుంచే కూల్చివేత ఆగే ఏర్పాటు ఉండాలి. అభ్యంతరాలు వినడానికి గడువు పెట్టి, ఆలోగా తేల్చకపోతే ఆ ఆంక్ష దానంతటదే పోవాలి. అప్పుడే యజమానికీ న్యాయం.

ఏ ఇళ్లను ఎంచుకోవాలన్న ప్రశ్నకు వన్‌టౌన్ ఒక ఆసక్తికరమైన జవాబు ఇస్తోంది. మన భవన నిబంధనల్లో ఎంత ఎత్తు కట్టొచ్చన్నది ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. ఇరుకు సందులో పడగొట్టి కట్టినా లాభం తక్కువ, పైగా సెట్‌బ్యాక్‌లు వదిలితే చేతికొచ్చే జాగా పాత ఇంటికంటే చిన్నదైపోతుంది. బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు లాంటి చోట్ల పాత ముఖాలు ఎప్పుడో మారిపోయి, సందుల్లో మాత్రం ఇంకా అక్కడక్కడా మిగలడానికి ఈ లెక్క ఒక కారణం. అదే సందు విస్తరణ ప్లానులోకి వచ్చిందంటే ఆ రక్షణ పోతుంది. ముందు అరుగు పోతుంది, తర్వాత వసారా, మిగిలిన సగం ఇంటిని ఎవరూ ఉంచుకోరు. 2016 కృష్ణా పుష్కరాలకు ముందు విజయవాడలో రోడ్ల కోసం గుళ్లు తొలగించినప్పుడు పెద్ద రభస జరిగింది. అరుగులు పోయినప్పుడు ఆ మాత్రం చప్పుడు కూడా రాదు.

కాబట్టి విడి ఇళ్ల కంటే సందును మొత్తంగా ఒక వారసత్వ ప్రాంతంగా గుర్తించడం ఇక్కడ తెలివైన పని. ఒక్క ఇల్లు నిలిపి చుట్టూ అయిదంతస్తులు లేస్తే, ఆ ఇంట్లోకి వెలుతురు రాదు, వాననీళ్లన్నీ వాకిట్లోకే వస్తాయి, రెండేళ్లలో వాళ్లూ విసిగిపోతారు. సందు మొత్తానికి విస్తరణ రద్దు చేసి, ఎత్తుకు హద్దు పెట్టి, నష్టానికి బాండు ఇస్తే ఇరుగుపొరుగు మధ్య ‘నాకే ఎందుకు ఈ శిక్ష’ అన్న మాట రాదు.

గుంటూరులో పరిస్థితి వేరు. అరండల్‌పేట, బ్రాడీపేటల్లో లైన్లు తిన్నగా, రోడ్లు వెడల్పుగా ఉన్నాయి కాబట్టి అక్కడ సందు రక్షణ లేదు. కానీ వేరే రకం వాడకం కనిపిస్తుంది. కొత్తపేట చుట్టూ పాత ఇళ్లు నర్సింగ్ హోములయ్యాయి, బ్రాడీపేటలో ట్యూషన్ సెంటర్లు, ప్లీడర్ల ఆఫీసులయ్యాయి. వసారాను అల్యూమినియం, గాజుతో మూసి, ఇంటి ముఖం మొత్తం కప్పేసేలా ఫ్లెక్సీ బోర్డు కట్టినా, వెనక దూలాలు చెక్కుచెదరకుండా ఉండొచ్చు. చూడ్డానికి బాగోదు, అయినా ఆ అద్దె డబ్బులే ఆ ఇంటిని ఇన్నాళ్లు నిలిపాయి. ఇలాంటి ఇంటిని జాబితాలో చేర్చి వ్యాపారం మానేయమంటే రేపే కూలుతుంది. బోర్డు కొలత తగ్గించండి, వసారా తెరవండి, బదులుగా వాణిజ్య వాడకానికి పడే అదనపు పన్నులో కొంత వదులుకుంటాం అని కార్పొరేషన్ బేరానికి దిగొచ్చు. డాక్టరు గారు కిరాయికి ఉన్న ఇంటి విషయంలో ఆ బేరం ఇంటాయనతో కాదు, ముందు డాక్టరు గారితోనే తేలాలి. నెలనెలా డబ్బు కట్టేది ఆయన.